ఉపన్యాసం ఎక్కడ ఆగింది? సైన్సు పాడ్‌కాస్టులు వినేవారికి సమస్య - పరిష్కారం

సైన్సు ఉపన్యాసాలు వినిపించే పాడ్‌కాస్టుతో చిక్కు రాగానే చాలామంది చేసే మొదటి పని యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం. దయచేసి ఆ పనిని చిట్టచివరికి ఉంచండి. యాప్‌తో పాటు డౌన్‌లోడ్ చేసుకున్న ఉపన్యాసాలు, ఏది ఎంతవరకు విన్నామన్న గుర్తులు కూడా పోవచ్చు.

ఉపన్యాసం మన చెవిని చేరేలోగా మూడు మజిలీలు దాటుతుంది. మొదటిది ఆ ఉపన్యాసాలు ఇప్పించే సంస్థ నడిపే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. ఒక్కో ఉపన్యాసం పేరు, తేదీ, ఆడియో ఫైలు ఉన్న చోటు రాసిపెట్టిన జాబితా అది. రెండోది ఆ జాబితాను అప్పుడప్పుడు తిరగేసే యాప్. మూడోది మన ఫోను. దారి ఎక్కడ తెగిందో ముందు తేల్చుకుంటే వృథా శ్రమ తప్పుతుంది.

సబ్‌స్క్రైబ్ నొక్కితే డబ్బు కట్టాలేమోనని భయం, లేదా ఆ బటనే కనిపించడం లేదు

పాడ్‌కాస్టుల్లో సబ్‌స్క్రైబ్ అంటే సాధారణంగా "కొత్తది వస్తే నాకు చేర్చు" అనే అర్థమే. ఈ అయోమయం వల్లే కావచ్చు, ఆపిల్ 2021లో ఆ మాట స్థానంలో "ఫాలో" అని పెట్టింది. లండన్‌లోని గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి ప్రజలకు ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పిస్తోంది. వాటిని పాడ్‌కాస్టుగా వినడానికీ రుసుము లేదు. ధైర్యంగా నొక్కండి.

కొత్త ఉపన్యాసాలు రావడం లేదు

ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. యాప్‌లో ఆ పాడ్‌కాస్టు వివరాల పేజీ తెరిచి ఫీడ్ చిరునామాను కాపీ చేయండి. బ్రౌజర్‌లో అతికించి చూడండి. కొన్ని బ్రౌజర్లలో గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి, కొన్నింట్లో అది ఒక ఫైలుగా దిగుతుంది. కంగారు పడకండి, మనకు కావలసింది అందులోని తేదీలే. సాధారణంగా తాజా ఉపన్యాసం పైన ఉంటుంది.

ఫీడ్‌లో కొత్త తేదీ ఉండి యాప్‌లో లేకపోతే తప్పు యాప్‌దో, ఫోనుదో. ఒకసారి చేత్తో రిఫ్రెష్ చేయండి. అప్పుడు వస్తే, తెర వెనుక యాప్‌ను ఫోను నిద్రపుచ్చుతోందన్నమాట. ఆండ్రాయిడ్ ఫోనుల్లో బ్యాటరీ ఆదా కోసం ఈ కట్టడి ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ విభాగంలో "అన్‌రిస్ట్రిక్టెడ్" ఎంచుకోండి.

ఫీడే తెరుచుకోకపోతే, లేదా అందులోని తాజా తేదీయే రెండు మూడేళ్ల కిందటిదైతే, సంస్థ వేరే చిరునామాకు మారి ఉండవచ్చు. మారినవారు పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లించాలి. అది చేయకపోతే మన యాప్ ఖాళీ ఇంటి తలుపు తడుతూనే ఉంటుంది. సంస్థ వెబ్‌సైటులో ఇప్పుడున్న పాడ్‌కాస్టు లింకు వెతికి, దానికి కొత్తగా సబ్‌స్క్రైబ్ చేయండి.

అసలు తప్పే లేకపోవడం కూడా ఉంటుంది. బీబీసీ రేడియోలో వచ్చే రీత్ ఉపన్యాసాలు ఏడాదికి ఒక్క వరుసగా వస్తాయి. తరువాత నెలల తరబడి మౌనం సహజం.

పాత ఉపన్యాసాలు కనిపించడం లేదు

నిర్వాహకులు ఫీడ్‌లో తాజా ఉపన్యాసాలను కొన్నింటినే ఉంచి, మిగతావి వెబ్‌సైటుకే పరిమితం చేయడం ఒక కారణం. పాతవాటికి వేరే ఫీడ్ ఉండటం మరొకటి. రీత్ ఉపన్యాసాలు 1948లో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్‌తో మొదలయ్యాయి. పాతవి 1948-1975, 1976-2012 అని రెండు ప్రత్యేక పాడ్‌కాస్టులుగా ఉన్నాయి. పేరుతో పాటు "ఆర్కైవ్" అని కూడా వెతకండి. 2003లో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ మెదడు గురించి చేసిన ఉపన్యాసాలు ఈ రెండో గుత్తిలోవే. మెదడు అంటే ఆసక్తి ఉన్నవారు వాటిని తప్పక వినాలి.

డేటా అయిపోతోంది, ఫోను నిండిపోతోంది

లెక్క వేసి చూడండి. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) నాణ్యతలో గంట ఉపన్యాసం దాదాపు 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ. మాటకు 64 చాలు. ఒక్కో ఉపన్యాసం వందల ఎంబీలు తింటుంటే మీరు వీడియో ఫీడ్‌కు సబ్‌స్క్రైబ్ చేసి ఉంటారు. ఆడియో ఫీడ్‌కు మారండి. డౌన్‌లోడ్ వైఫైలోనే జరగాలని, విన్నది తనంతట తానే తొలగిపోవాలని యాప్‌లో పెట్టుకోండి.

ముందుకు జరిపితే ఇంకెక్కడికో వెళ్తోంది

కొన్ని ఎంపీ3 ఫైళ్లలో నాణ్యత క్షణక్షణానికి మారుతుంటుంది. వాటిలో తగిన సూచిక లేకపోతే యాప్ నిమిషాలను ఉజ్జాయింపుగానే లెక్కిస్తుంది. ఇంకో యాప్‌లో ప్రయత్నించండి. మధ్యలో ప్రకటనలు వచ్చే పాడ్‌కాస్టుల్లో నెట్‌లో నేరుగా విన్న ప్రతిసారీ నిడివి మారవచ్చు కాబట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకుని వినడం మేలు.

ఒక చెవికే వినిపిస్తోంది

మా నాన్నగారు విశ్రాంత సైన్సు ఉపాధ్యాయులు. ఒకరోజు ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "కుడి చెవి పని చేయడం లేదురా, డాక్టరుకు చూపించుకోవాలి" అన్నారు. ఇయర్‌ఫోన్లు తిరగేసి పెట్టుకోమన్నాను. ఈసారి ఎడమ చెవి మూగబోయింది. చెవికి జబ్బు లేదని తేలింది. వేరే పాడ్‌కాస్టు పెడితే రెండు వైపులా వినిపించింది కనుక ఇయర్‌ఫోన్లదీ తప్పు కాదు. ఆ ఉపన్యాసంలో వక్త మైకు ఎడమ చానల్‌లో మాత్రమే రికార్డయింది.

ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆడియో విభాగంలో "మోనో ఆడియో" ఉంటుంది. అది ఆన్ చేయగానే రెండు చానళ్లూ కలిసిపోయి రెండు చెవులకూ వినిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. సంగీతం వినేటప్పుడు మళ్లీ ఆఫ్ చేయడం మరవకండి.

మాట అందుకోలేకపోతున్నాను

వేగం 0.8కి తగ్గించండి. మౌనాన్ని కత్తిరించే సదుపాయం ఆన్‌లో ఉంటే తప్పక ఆఫ్ చేయండి. మంచి వక్త కష్టమైన మాట చెప్పి ఆగేది మనం ఆలోచించుకోవడానికే. ఆ విరామం ఉపన్యాసంలో భాగం.

"ఇక్కడ ఈ ఎర్ర గీత చూడండి" అంటున్నారు, నాకేమీ కనిపించడం లేదు

ఇది ఏ సెట్టింగ్‌తోనూ పోదు, ఎందుకంటే కారణం ఉపన్యాసం పుట్టుకలోనే ఉంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. 1860లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అక్కడ పిల్లల ముందు కొవ్వొత్తి వెలిగించి, ఆ మంట ఆధారంగానే రసాయన శాస్త్రం చెప్పాడు. ఆ కొవ్వొత్తిని తీసేసి మాటలు మాత్రమే వింటే ఏమి మిగులుతుంది? సభలో ఇచ్చే సైన్సు ఉపన్యాసం సగం కంటి కోసం తయారవుతుంది.

రీత్ ఉపన్యాసాలు మాత్రం రేడియో కోసమే పుట్టాయి. 2016లో ప్రసారమైన స్టీఫెన్ హాకింగ్ కృష్ణబిలాల ఉపన్యాసాలు రికార్డయింది ఆ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే అయినా, అవి శ్రోత కోసం రాసినవి. కొత్తగా వినేవారు ఇలాంటి వాటితో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

బొమ్మలున్న ఉపన్యాసమైతే ముందు ఎపిసోడ్ వివరాలు చదవండి, స్లయిడ్ల లింకు ఉండవచ్చు. గ్రెషమ్ కాలేజీ ఉపన్యాసాలకు వెబ్‌సైటులో వీడియోలు, మాటల రాతరూపాలు దొరుకుతాయి. ఆడియోకు ముందు పరిచయం చేర్చి ఉంటే నిమిషాలు వీడియోతో సరిపోవు. ఒక్క వాక్యం రెండింటిలోనూ ఎక్కడ వస్తుందో పోల్చి తేడా రాసుకుంటే, తరువాత ఆ తేడా కలుపుకుంటే చాలు.

నాన్నగారు ఇప్పుడు పక్కన పాత డైరీ పెట్టుకుని వింటారు. వక్త బొమ్మ మాట ఎత్తగానే నిమిషం, సెకను రాసుకుంటారు. నిన్నటి పేజీలో ఐదు అంకెలున్నాయి. రాత్రి భోజనం అయ్యాక కంప్యూటర్‌లో ఆ ఐదు చోట్లు మాత్రమే చూశాం. మూడో బొమ్మ దగ్గర ఆపమని, ఆ గ్రాఫును డైరీలోకి గీసుకున్నారు.