అరగకుండానే నెర్రెలిచ్చే పెర్ఫార్మెన్స్ టైర్లు: గుర్తించడం, కాపాడుకోవడం ఎలా?

ఆదివారం పొద్దున ఓఆర్‌ఆర్ మీద ఒక చుట్టు తిరిగొచ్చి, మిగతా ఆరు రోజులూ సెల్లార్‌లో కవరు కింద పడుకునే కార్లుంటాయి. వాటికి వేసేవి ఎక్కువగా పెర్ఫార్మెన్స్ టైర్లు, అంటే అధిక వేగానికి, గట్టి పట్టుకు చేసినవి. నాలుగైదేళ్లకు కూడా మీటరు 12 వేల కిలోమీటర్లు దాటదు. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, నిక్షేపంలా ఉంటుంది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మాత్రం ఎండిన చెరువు అడుగులా సన్నని నెర్రెలు కనిపిస్తాయి. ‘ఇంకా బటన్లు ఇంతున్నాయి కదా’ అని అదే టైరుతో 150 వేగానికి వెళ్లేవాళ్లు చూడాల్సింది చూడటం లేదు. ట్రెడ్ లోతు చెప్పేది టైరు ఎంత అరిగిందనే. రబ్బరు ఎంత ముసలిదైందో దాన్ని చూసి చెప్పలేం.

ఎందుకు పగులుతుంది?

గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. సాగి ఉన్న రబ్బరు మీద అది పనిచేస్తే లోపలి అణువుల గొలుసులు తెగుతాయి. అందుకే పగుళ్లు ఎక్కడ పడితే అక్కడ కాక, రబ్బరు సాగి నిలిచినచోట మొదలవుతాయి. దీన్ని ఆపడానికి తయారీలోనే 6పీపీడీ లాంటి రసాయనాన్ని, మైనాన్ని కలుపుతారు. ఇవి లోపలి నుంచి మెల్లగా ఊరి పైకొచ్చి పొరలా నిలుస్తాయి. చక్రం తిరిగి సైడ్‌వాల్ వంగుతూ ఉంటే ఈ ఊట సాగుతూనే ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే పాత పొర పాడవుతుంది, కొత్తది తగినంత రాదు. కొన్ని టైర్ల మీద కనిపించే గోధుమరంగు పూత ఈ రక్షణ పదార్థమే. మట్టి మరక అనుకుని బ్రష్షు పెట్టి గీకేయకండి.

పెర్ఫార్మెన్స్ టైరుకు ఇంకో కష్టం ఉంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు వేసే 165/80 ఆర్14 టైరులో సైడ్‌వాల్ ఎత్తు 132 మిల్లీమీటర్లు (165 మిల్లీమీటర్ల వెడల్పులో 80 శాతం). 235/40 ఆర్18లో అది 94 మాత్రమే. బరువైన కారు, పొట్టి సైడ్‌వాల్. గాలి కాస్త తగ్గినా ఆ కొద్ది ఎత్తులోనే ఎక్కువ వంపు పడుతుంది.

వీటికి తోడు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రబ్బరు ఆక్సీకరణ దాదాపు రెట్టింపవుతుందనేది స్థూలమైన లెక్క. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2002–2006 మధ్య ఒక బీమా సంస్థకు వచ్చిన టైరు క్లెయిములను పరిశీలిస్తే 77 శాతం అరిజోనా, టెక్సస్ లాంటి ఐదు వేడి రాష్ట్రాలవే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లు. రామగుండం, విజయవాడ ఎండల్లో బండి నిలిపేవారికి ఈ లెక్క పరాయిది కాదు.

1. ముందు పుట్టినతేదీ చూడండి

సైడ్‌వాల్ మీద ‘డాట్’ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2421 అంటే 2021లో 24వ వారం. ఈ అంకెలు ఒక పక్కనే ఉండొచ్చు. బయట కనిపించకపోతే లోపలి వైపు వెతకాలి. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ విడివిడిగా రాసుకోండి. పాత కారు కొన్నవాళ్లకు ఇక్కడే ఆశ్చర్యాలు ఎదురవుతాయి: ముందు జత 2022, వెనక జత 2016.

2. లోపలి సైడ్‌వాల్ వదలొద్దు

బయటి ముఖాన్ని పాలిష్ కొట్టి నలుపు తెప్పిస్తారు, లోపలిది ఎవరూ చూడరు. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చి వేయండి. వెనక వాటికి ఫోన్‌ను వీల్ ఆర్చ్‌లోకి పెట్టి వీడియో తీస్తే చాలు. సర్వీసుకు ఇచ్చినప్పుడు లిఫ్ట్ మీద చూస్తే ఇంకా మంచిది.

చూడాల్సిన చోట్లు మూడు: సైడ్‌వాల్ నడుమ, రిమ్ అంచుకు ఆనుకున్న భాగం, ట్రెడ్ గాడుల అడుగు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. గాడిలో ఇరుక్కున్న రాళ్లు తీసి, బొటనవేలితో పక్కలకు విడదీసి చూడాలి.

రబ్బరు గట్టిపడిందా అన్నది పగుళ్లు చెప్పవు. దానికి షోర్ ఏ డ్యూరోమీటర్ అనే, గట్టిదనం కొలిచే చిన్న పరికరం ఉంది. నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడు ట్రెడ్ బ్లాకు మధ్యలో నాలుగుచోట్ల ఒత్తి సగటు తీయండి. అదే మోడల్ కొత్త టైరు అంకెతో పోల్చితేనే దానికి అర్థం. కొత్తదానికంటే పది పాయింట్లు ఎక్కువ చూపించే టైరుకు వానలో పట్టు తగ్గిందనుకోవచ్చు.

3. ఉంచాలా, తీయాలా?

గోటికి కూడా తగలని వెంట్రుకంత గీతలు సైడ్‌వాల్ పైపొరలోనే ఉంటే టైరు వాడొచ్చు. నెలకోసారి అదే చోట ఫోటో తీసి పోల్చండి. గోరు దిగుతుంటే, లేదా గీతలు ఒకదానితో ఒకటి కలిసి చుట్టూ వలయంలా సాగుతుంటే అధిక వేగాలు మానేసి మార్పుకు సిద్ధం కావాలి. లోపలి దారం కనిపించినా, బుడగ లేచినా, గాడి అడుగున పగులు విచ్చుకున్నా ఆ టైరు మీద షాపు దాకా వెళ్లడం కూడా వద్దు, స్టెప్నీ వేసుకోండి. పగుళ్లలో జిగురు నింపడం, పైన నల్లరంగు పూయడం రిపేరు కాదు. చూసేవాళ్ల కళ్లు కప్పడమే.

వయసు విషయంలో కంపెనీల మాట ఒక్కటి కాదు. కొన్ని కార్ల తయారీదారులు ఆరేళ్లకు మార్చమంటారు. టైర్ల కంపెనీ మిచెలిన్ ఐదేళ్లు వాడాక ఏటా నిపుణుడికి చూపించమని, తయారైన పదేళ్లకు తప్పక తీసేయమని చెబుతుంది. మన ఎండల్లో వేగంగా నడిపే కారుకు ఆరేళ్లే హద్దు అనుకోవడం మేలు. పదేళ్లన్నది నెమ్మదిగా, నీడలో బతికే టైరుకు. 2013 నవంబరులో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షా కరేరా జీటీ స్పోర్ట్స్ కారు ప్రమాదానికి దర్యాప్తు అధికారులు చూపిన కారణం మితిమీరిన వేగం. ఆ టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా వాళ్లు నమోదు చేశారు.

4. గాలి

చాలా పగుళ్లకు మొదలు ఇక్కడే. కనీసం మూడు గంటలు ఆగిన చల్లటి టైరులో, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు చెప్పినంత ఉంచండి. బయటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. మే నెలలో నింపి జనవరి దాకా ముట్టకపోతే, సహజంగా కారిపోయేది కూడా కలిసి ఆరేడు పీఎస్‌ఐ లోటు వచ్చినా ఆశ్చర్యం లేదు. రెండు వారాలకోసారి చూడండి. వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ చూపించిందని గాలి తీయొద్దు.

నైట్రోజన్ కొట్టిస్తే గాలి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. బయటి నుంచి వచ్చే ఓజోన్‌కు మాత్రం అది అడ్డు కాదు.

5. కడగడం

బకెట్ నీళ్లలో మామూలు కారు షాంపూ, మెత్తటి బ్రష్షు చాలు. డీజిల్, కిరోసిన్, పెట్రోలు గుడ్డతో తుడిచే అలవాటు కొన్ని వాషింగ్ సెంటర్లలో ఇంకా ఉంది. అది మైనపు పొరను కరిగించేస్తుంది. తళతళలాడే జిడ్డు డ్రెస్సింగుల్లో (టైరు మెరుపు పూతల్లో) కూడా పెట్రోలియం ద్రావకం ఉండొచ్చు. మెరుపు కావాలంటే నీటి ఆధారంగా చేసిన డ్రెస్సింగ్ పలుచగా రాసి, పది నిమిషాలాగి తుడిచేయండి. ట్రెడ్ మీద అసలు రాయకూడదు.

6. నిలిపి ఉంచేటప్పుడు

వారానికోసారి టైర్లు వేడెక్కేలా 15–20 కిలోమీటర్లు నడపండి. సెల్లార్‌లోనే ముందుకు వెనక్కి కదిపితే చదును పడటం తగ్గుతుంది గానీ రక్షణ పొర ఊరదు. నెలకు మించి ఆపాల్సి వస్తే మామూలు కంటే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి. టైరు మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. మళ్లీ రోడ్డెక్కేముందు ఆ ఎక్కువ తీసేయడం మరవకండి.

విప్పిన టైర్లను కడిగి, బాగా ఆరబెట్టి, నల్లటి మందపాటి సంచిలో గాలి పిండేసి కట్టాలి. రిమ్‌తో ఉంటే ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. రిమ్ లేకపోతే నిలబెట్టి, నెలకోసారి కొద్దిగా తిప్పండి. జనరేటర్, నీళ్ల మోటారు, వెల్డింగ్ సెట్ ఉన్న గది పనికిరాదు. నిప్పురవ్వలు పుట్టేచోట ఓజోన్ పుడుతుంది. అపార్టుమెంట్లలో టైర్లు దాచేది సాధారణంగా ఆ మోటారు గదిలోనే!

7. చలిదేశాల్లో ఉంటే

మిషిగన్, షికాగో, టొరాంటో వైపు ఉన్న తెలుగువాళ్లకు గొడవ వేరు. పెర్ఫార్మెన్స్ టైర్లు చాలావరకు వేసవికని చేసిన సమ్మర్ టైర్లే. వాటి రబ్బరు గడ్డకట్టే చలిలో గాజులా పెళుసవుతుంది. మిచెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 లాంటి ట్రాక్ టైరు మైనస్ 7 డిగ్రీల కంటే కిందికి వెళ్లిందంటే కారును కదపకూడదు, టైరుకు గాలి పెట్టకూడదు, రిమ్‌కు ఎక్కించకూడదు. కనీసం 5 డిగ్రీల వెచ్చదనంలో 24 గంటలు ఉంచాకే ముట్టుకోవాలి. లేకపోతే ట్రెడ్ బ్లాకులు ఒక్క పూటలో చీలతాయి. అక్టోబరు చివరికల్లా వింటర్ సెట్‌కు మార్చి, సమ్మర్ సెట్‌ను వేడి ఉన్న బేస్‌మెంట్‌లోకి చేర్చండి.

8. కొత్తవి కొనేటప్పుడు

2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని పరిమిత జాబితాలో చేర్చింది, అంటే లైసెన్సు ఉంటేనే తెప్పించాలి. ఇక్కడ తయారుకాని పెద్ద సైజులు కొనేవాళ్లు షాపులో ఉన్నది ఎప్పటి సరుకో తప్పక చూడాలి. డబ్బు కట్టేముందే తేదీ అంకెల ఫోటో అడగండి. నీడలో సరిగా నిల్వచేసిన ఏడాది పాత టైరుకు వంక పెట్టక్కర్లేదు. రెండేళ్లు దాటితే ధర గట్టిగా తగ్గించమనండి, మూడు దాటితే వద్దనండి. బిల్లులో నాలుగు టైర్ల డాట్ అంకెలూ రాయించుకుని, బిగించాక రిమ్ మీద ఉన్నవి అవేనో కాదో అక్కడే వంగి చూసుకోండి.