తడిసిన దాణా: పెద్దబాతులు పెంచేవాళ్ళకి ముసురు జాగ్రత్తలు

పోయిన వారం పక్క ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పదకొండు పెద్దబాతు పిల్లలు, మూడు వారాలవి. నాలుగు రోజుల్లో తొమ్మిది పోయాయట. "తెగులేమోనండీ, మందేదైనా చెప్పండి" అన్నాడు. కాళ్ళు ఈడ్చాయనీ, పాదాలు ఊదారంగుకి తిరిగాయనీ, పోయేముందు మెడ వెనక్కి విరుచుకున్నాయనీ చెబుతుంటే దాణా సంగతి అడిగాను. వానకి బస్తా అడుగు తడిసిందట. "బూజు దులిపి, రెండు రోజులు ఎండబెట్టే వేశానండీ!"

ఎండబెట్టే వేశాడు. నేను చూసినంతలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది చేసింది ఇదే.

చలి మొదలవుతూనే పెద్దబాతులు గుడ్లకొస్తాయి. మన కోస్తాలో తుఫాన్లూ ఆ రోజుల్లోనే. కుక్కల సంగతి, పాముల సంగతి మీకు తెలిసిందే, దాణా సంగతే చెబుతాను. వేరుశనగ చెక్కకీ మొక్కజొన్నకీ తేమ తగిలితే పట్టే పచ్చటి బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. దులిపితే బూజు రాలుతుంది, విషం గింజలోనే ఉంటుంది. రెండు రోజుల ఎండకి విరగదు, ఉడకబెట్టినా విరగదు. అసలు ఈ విషం బయటపడిందే పక్షుల చావుతో. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు పోతే, ఆరా తీయగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది.

కోడిపిల్ల తట్టుకునే మోతాదుకి బాతుపిల్ల పోతుంది. "మా కోళ్ళు తింటున్నాయిగా" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. పోనీ గేదెకి వేద్దామా అంటే, విషం పాలల్లోకి దిగుతుంది.

బస్తా నేలమీద పెట్టకండి, బల్లమీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. ముసురు నెలల్లో వారానికి సరిపడా మాత్రమే కొనండి. చవగ్గా వచ్చిందని నాలుగు బస్తాలు దింపుకున్న ఇళ్ళే ఎక్కువ నష్టపోయాయి. నీళ్ళతో తడిపి పెట్టిన దాణా మిగిలితే సాయంత్రానికి ఉంచకండి. కింద పరిచే గడ్డికీ ఇదే జాగ్రత్త. నానిన వరిగడ్డి బూజు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలు నోరు తెరిచి ఆయాసపడతాయి. అక్కడిదాకా వస్తే మందుతో కోలుకోవడం కష్టం.

జతల సంగతి: ఒక మగదానికి మూడు ఆడవి చాలు. పొదుగు 28 నుంచి 31 రోజులు. ఆ నెల్లో మగది మీ మాట కూడా వినదు, చిన్నపిల్లల్ని గూటి దిక్కుకి పంపకండి, మొహం మీదికి లేస్తుంది.

మిషన్లో పొదిగించిన పిల్లల్ని మొదటి వారాల్లో ఈతకి వదలొద్దు. తల్లి ఒంటి నూనె అంటని నూగు నానిపోయి, పిల్లలు చలికి పోతాయి.

తాగే గిన్నెలో ముక్కురంధ్రాలు మునగాలి, పిల్ల మునగకూడదు.

కాళ్ళు పట్టి ఎత్తొద్దు.

బ్రాయిలర్ దాణా మీదే పెంచొద్దు. రెక్కలు బయటికి తిరిగిపోతాయి. గడ్డి మేయనివ్వండి.

కలుపుమందు కొట్టిన గట్టు మీదికి తోలొద్దు. గన్నేరు దగ్గరికీ వద్దు.

బస్తా కుట్టుదారం ఎక్కడ పడితే అక్కడ వదలొద్దు. మింగుతాయి.

సంతలో కొన్నవాటిని మూడు వారాలు విడిగా ఉంచండి. ఒక్కరోజు తగ్గినా వద్దు.

వలస పక్షులు దిగే చెరువుకి వదలొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్ళు పోయాయో చూశాం. చచ్చిన పక్షిని వట్టి చేత్తో ముట్టొద్దు, పశువైద్యుడికి చెప్పండి.

బూజు దాణా వేయొద్దు. దులిపి వేయొద్దు, ఎండబెట్టి వేయొద్దు, మంచిదాంట్లో కలిపి వేయొద్దు. పెంటమీద పోయొద్దు, పక్కింటి కోళ్ళు తింటాయి. గొయ్యి తీసి పూడ్చండి. ఫోన్ పెట్టేముందు ఆయన ఏమడిగాడో తెలుసా? ఇంకా అర బస్తా ఉందండీ, ఏం చేయమంటారు అని.