వీలునామాలో మీ ఆవిడ గురించి రాసే వాక్యం

మాది కవిటి దగ్గర పల్లె. మా నాన్న 2011లో వీలునామా రాయించారు. తను కొన్న ఎకరం నలభై సెంట్ల కొబ్బరి తోట, డాబా ఇల్లు, చెరువు కింద డెబ్బై సెంట్ల పల్లం. అమ్మ గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం: "నా భార్య తన జీవితకాలం అనుభవించి, తదనంతరం నా ముగ్గురు పిల్లలకు సమానంగా చెందవలెను." ఆ రోజు మాకందరికీ అది బాగుందనిపించింది.

నాన్న పోయాక, 2019లో అమ్మకి కిడ్నీ జబ్బు బయటపడింది. మా ఉద్దానం ప్రాంతంలో ఇది తెలియని ఇల్లు లేదు. డయాలసిస్‌కి డబ్బు తీసుకోకపోయినా విశాఖలో గది అద్దె, బయట కొనే మందులు, తోడు మనిషి ఖర్చు ఎక్కడికి పోతాయి? ఇరవై సెంట్ల తోట అమ్మేద్దామంది అమ్మ. కొంటానన్నాయన కాగితం లాయరుకి చూపించి తిరిగి తెచ్చిచ్చేశాడు. అనుభవించమని ఉంది గానీ అమ్ముకోవచ్చని లేదట, పిల్లలందరూ సంతకం పెట్టాలట. తమ్ముడేమో పోర్ట్ బ్లెయిర్‌లో. వాడి దగ్గర్నుంచి పవరాఫ్ అటార్నీ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. అమ్మ ఆ 'అనుభవించి' అన్న మాట మీద వేలు పెట్టి, "మీ నాన్న నాకిచ్చారనుకున్నాన్రా" అంది.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మీ ఆవిడకి ఆస్తి పూర్తిగా ఇస్తున్నారా, బతికున్నన్నాళ్ళు వాడుకోవడానికే ఇస్తున్నారా? పూర్తిగా అయితే 'దాన విక్రయాది సర్వ హక్కులతో' అని రాయించండి. 'తదనంతరం' అన్న మాట ఆ ఆస్తి పక్కన రానివ్వకండి. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మీద 1977లో సుప్రీంకోర్టు తులశమ్మ కేసులో, మనోవర్తి (పోషణ ఖర్చు) హక్కు బదులుగా భార్యకిచ్చిన ఆస్తి మీద షరతులు పెట్టినా అది ఆమెకి సంపూర్ణంగా చెందుతుందని చెప్పింది. మన ఆంధ్రా నుంచి వెళ్ళిన కేసే అది. కానీ ఫలానా ఆస్తికి ఆ తీర్పు వర్తిస్తుందో లేదో తేలడానికి మళ్ళీ కోర్టుకే వెళ్ళాలి. జబ్బు మనిషికి అంత టైమ్ ఉండదు.

నేను ఇల్లూ, సగం తోటా మా ఆవిడకి సర్వ హక్కులతో రాశాను. మిగతాది అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా. మా ఆవిడ నాకంటే ముందే పోతే ఆమె వాటా ఎవరికో కూడా రాశాను. ఈ మాట చాలామంది మరిచిపోతారు.

తాతల నాటి ఉమ్మడి భూమైతే మొత్తం మీరు రాయలేరు, మీ వాటా వరకే. 'ఆడపిల్లకి పెళ్ళిలో ఇచ్చేశాంగా' అనే మాట చెల్లదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు వచ్చింది. అంతకుముందే పంపకాలు రిజిస్టరై ఉంటే ఆ కాగితం బయటికి తీసి లాయరుకి చూపించండి.

ఆస్తిని వర్ణించేటప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాయాలి. రీసర్వే అయిన ఊళ్ళలో కొత్తగా ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ వేయించండి. బ్యాంకు డిపాజిట్లకి నామినీ ఉంటే చాలనుకోకండి. నామినీ డబ్బు తీసుకోగలడు, అంతమాత్రాన సొంతదారు కాడు. చివర్లో 'ఇందులో రాయని ఆస్తి ఏమైనా ఉంటే ఫలానా వారికి' అని ఒక్క వాక్యం కలపండి.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు కావాలి. మీరు సంతకం చేస్తుంటే చూసి, మీ ఎదుటే వాళ్ళూ చేయాలి. రేపు కోర్టుకెళ్తే ఒక సాక్షైనా వచ్చి చెప్పాలి గనక మీకంటే చిన్నవాళ్ళని, ఊళ్ళో ఉండేవాళ్ళని పెట్టుకోండి. ఆస్తి పొందేవాళ్ళని మాత్రం సాక్షులుగా పెట్టకండి, అనుమానాలకి తావిచ్చినట్టవుతుంది. నాన్నకి సాక్షి సంతకం పెట్టిన ఇద్దరూ ఆయన ఈడువాళ్ళే. ఇప్పుడు ఇద్దరూ లేరు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే నేనంటాను. ఫీజు కొంచెమే, పైగా కాగితం పోయినా నకలు దొరుకుతుంది. డెబ్బై దాటినవాళ్ళు అదే రోజు డాక్టరు దగ్గర మనసు స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది. తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు, చివర రాసిందే చెల్లుతుంది. గిఫ్టు దస్తావేజు అలా కాదు, రిజిస్టరు చేసి ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పిల్లలు తొందరపెట్టినా బతికుండగా ఉన్నదంతా రాసిచ్చేయకండి.

చిత్తు ప్రతి తయారయ్యాక ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. "తోటలో మోటారు, బోరు కూడా రాయించండి" అంది. రాయించాను.