పీస్ కోర్‌లో ఊరి ఆర్థికాభివృద్ధి వాలంటీరుగా చేరడం ఎలా?

పీస్ కోర్ వాలంటీర్లను ఇతర దేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ. 1961లో మొదలైంది. సేవాకాలం 27 నెలలు: మొదటి మూడు నెలలు శిక్షణ, తర్వాత రెండేళ్లు ఊళ్లో పని. ఆర్థికాభివృద్ధి విభాగంలో చేరితే చిన్న వ్యాపారులు, మహిళా సంఘాలు, చేతివృత్తుల వాళ్లతో కలిసి పనిచేస్తారు.

ముందు అర్హత చూసుకోండి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్‌కార్డు చాలదు. 18 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయసు లేదు కనుక పౌరసత్వం తీసుకుని రిటైరైన తల్లిదండ్రులూ వెళ్లవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు దారి వేరు: జర్మనీలోని బాన్ కేంద్రంగా నడిచే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమంలో ప్రయత్నించాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము లేదు. ఇంటర్వ్యూలో "సేవ చేయాలనుంది" అంటే సరిపోదు. తెలుగు సంఘం పండుగకు ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది, లెక్క ఎవరికి ఎలా చూపించారు? ఇలాంటి పని చేసి ఉంటే అంకెలతో చెప్పండి. ఆ అనుభవం చిన్నదేమీ కాదు.

ఎంపికయ్యాక ఎక్కువమంది చిక్కుకునేది వైద్య పరీక్షల దగ్గర. పళ్ల ఎక్స్‌రేలు, టీకాల రికార్డులు ముందే సేకరించుకోండి. భారత్‌లో పుట్టి బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు జబ్బు లేకపోయినా చర్మంపై చేసే క్షయ పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు. రక్త పరీక్షకు బీసీజీతో ఆ ఇబ్బంది ఉండదు, డాక్టర్‌ని అదే అడగండి. వేలిముద్రల పరిశీలన కూడా ఉంటుంది.

"రెండేళ్లు జీతం లేకుండా ఎలా?" అని ఇంట్లో అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడ బతకడానికి స్థానిక కరెన్సీలో భత్యం ఇస్తారు, వైద్యం ఉచితం. రెండేళ్లు పూర్తిచేస్తే పన్ను మినహాయించక ముందు 10,000 డాలర్లు దాటిన మొత్తం చేతికొస్తుంది.

ఊళ్లో మొదటి మూడు నెలలు

ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టకండి. భాష నేర్చుకోండి, సంతకు వెళ్లండి. సంత రోజు ఏది, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ నెలలో చేతిలో డబ్బుంటుంది, ఏ నెలలో అప్పు చేస్తారు అన్నది రాసుకోండి. ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా అడగండి. కలిపి కూర్చోబెడితే చాలాచోట్ల మగవాళ్ల మాటే వినిపిస్తుంది.

దుకాణదారుకి సలహా చెప్పే ముందు రెండు వారాలపాటు రోజువారీ చిట్టా రాయించండి: వచ్చింది, పోయింది, అరువు ఇచ్చింది, ఇంటికి వాడుకున్నది. చాలాసార్లు నష్టం బయటపడేది ఈ నాలుగో గడిలోనే. కొట్టులోంచి ఇంటికి తీసుకెళ్లిన బియ్యం, సబ్బులు ఎవరూ రాయరు. అమ్మకం బాగానే ఉన్నా సరుకు కొనడానికి డబ్బు మిగలదు.

పొదుపు సంఘం

మన డ్వాక్రా సంఘాలు తెలిసినవాళ్లు ఆ పద్ధతిని యథాతథంగా మోసుకెళ్లకూడదు. డ్వాక్రాకు బ్యాంకు రుణమే వెన్నుదన్ను. బ్యాంకు దరిదాపుల్లో లేని ఊళ్లకు 1991లో పశ్చిమాఫ్రికా దేశమైన నైజర్‌లో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పద్ధతి నప్పుతుంది. బయటి డబ్బు ఒక్క పైసా ఉండదు, ఏడాదికోసారి లెక్క మూసి పంచేసుకుంటారు.

ఒకరినొకరు నమ్మే 15 నుంచి 25 మంది చాలు. ప్రతి సమావేశంలో ఒక్కొక్కరు ఒకటి నుంచి ఐదు వాటాల దాకా కొంటారు, అదే వాళ్ల పొదుపు. వాటా ధర అందరిలోకీ పేద సభ్యురాలు కూడా ప్రతివారం కట్టగలిగేంతే ఉండాలి. పెట్టెలోంచి సభ్యులు తీసుకునే అప్పు వాళ్ల పొదుపుకు మూడింతలు మించకూడదు, గడువు మూడు నెలలు. ఆపద నిధికి వేరే సంచి. పెట్టెకు మూడు తాళాలు వేసి, తాళంచెవులు ముగ్గురికి ఇస్తారు. పెట్టె నాలుగో మనిషి ఇంట్లో ఉంటుంది. సమావేశంలో అందరి ముందే తప్ప పెట్టె తెరవకూడదు.

పంపకం లెక్క తేలిక. వాటా ధర 50, ఏడాదిలో అమ్మిన వాటాలు 2,000, చివర పెట్టెలో అప్పుల వడ్డీతో కలిపి 1,20,000 ఉంటే వాటాకు 60 వస్తుంది. దీనికి నెల ముందు కొత్త అప్పులు ఆపి పాతవి వసూలు చేయాలి. ఆ నెల వదిలేస్తే పంపకం రోజున పెట్టెలో డబ్బుకు బదులు బాకీలే ఉంటాయి, తగాదాలు వస్తాయి. బడి ఫీజులకో, విత్తనాలకో ముందు పంపకం తేదీ పెట్టుకుంటే డబ్బు పనికొస్తుంది.

తాళంచెవి మీరు తీసుకోకండి, పుస్తకం మీరు రాయకండి. ఎంత బతిమాలినా సరే. చదువుకున్న మనిషి రాస్తున్నారు కదా అని ఎవరూ నేర్చుకోరు, మీరు విమానమెక్కిన నెలకే లెక్క ఆగిపోతుంది.

గ్రాంటు అడగడానికి తొందరపడకండి. పీస్ కోర్ చిన్న గ్రాంట్లలో ఖర్చులో కనీసం 25 శాతం ఊరి వాటా ఉండాలి, అది పనిగానో సామాన్లుగానో ఇచ్చినా సరే. ఏడాది పాటు పెట్టె సక్రమంగా నడిపిన సంఘానికి ఆ వాటా పోగుచేయడం కష్టం కాదు. రెండో ఏడాది తొలి సమావేశంలో వాటా ధర పెంచాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. అప్పటికి మీ చోటు వెనక వరసలో.