పాత తుపాకీని చదవడం – 4వ పాఠం: చెకుముకి పోయి క్యాప్ వచ్చిన జాడలు

పోయిన పాఠం చివర ఒక చిక్కు ఇచ్చాను. ఒక పాత తుపాకీ లాక్ పలక (పేల్చే యంత్రాంగాన్ని మోసే పక్క ఇనుప పలక) మీద అమెరికా ప్రభుత్వ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు, 1831 సంవత్సరం. కానీ నిప్పురవ్వ రాల్చే చెకుముకి రాయిని పట్టే దవడలు లేవు, రంజకం (ఆ రవ్వకు ముందుగా అంటుకునే మందు) పోసే పళ్లెం లేదు. వాటి చోట బోలు మూతి సుత్తి, దాని కింద క్యాప్ (సుత్తి దెబ్బకు పేలే మందున్న చిన్న రాగి టోపీ) తొడిగే చిన్న ఉక్కు ముక్కు. తుపాకీ నకిలీదా?

కాదు. అమెరికా ప్రభుత్వ కర్మాగారాల్లో క్యాప్‌తో పేలే మామూలు మస్కెట్ (సిపాయిల పొడవాటి తుపాకీ) 1842 నమూనాతో వచ్చింది. కాబట్టి 1831 నాటి తుపాకీకి క్యాప్ కనిపిస్తే, తర్వాత ఎవరో దాన్ని మార్చారన్నమాట. పలక మీది ఏడు తుపాకీ పుట్టిన ఏడు మాత్రమే. ఆ తర్వాతి కథ గాయాల్లో ఉంటుంది.

ఎందుకు మార్చారో ఒక్క లెక్క చెబుతాను. 1834లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో రెండు రకాల తుపాకులనూ చెరి 6,000 సార్లు పేల్చి చూశారు. చెకుముకివి 922 సార్లు మొరాయించాయి, క్యాప్‌వి 36 సార్లు. అయినా సైన్యాలు కదలడానికి ఏళ్లు పట్టింది. 1841 మే 30న చైనాలో, కాంటన్ దగ్గర శాన్‌యువాన్లీ అనే ఊరి పొలాల్లో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడుతున్న మద్రాసు 37వ పటాలంలోని ఒక దళం జోరువానలో చిక్కుకుంది. చెకుముకి తుపాకులు తడిసి పేలక, సిపాయిలు బాయినెట్లతోనే నిలబడ్డారు. క్యాప్ తుపాకులున్న మెరైన్లు వచ్చి వాళ్లను బయటపడేశారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు మెండు. ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అని పిలిచిన రోజులవి. అందుకే ఆ వాన నాకు పరాయి దేశపు వానలా అనిపించదు.

ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా అంతర్యుద్ధంలోనూ అదే జరిగింది. 1862 జనవరి 19న కెంటకీలోని మిల్ స్ప్రింగ్స్ దగ్గర దక్షిణాది సైనికుల్లో చాలామంది చేతుల్లో చెకుముకి తుపాకులే. వానకు రంజకం ముద్దయింది, పోరులో ఓడారు. కొత్తవి చాలక, ఆయుధశాలల్లో మూలపడ్డ 1816 నమూనా మస్కెట్లను (మన 1831 తుపాకీ ఈ నమూనాదే) రెండు పక్షాలూ మార్చి వాడాయి.

ఇక తుపాకీ కుడిపక్కకు రండి. పని అంతా అక్కడే.

ముందు లాక్ పలక చూడండి. చకమకి పలక (రాయి తగిలి రవ్వలు రాల్చే ఉక్కు పలక), దాని స్ప్రింగు తీసేశాక మిగిలిన మర రంధ్రాలను పూడ్చి అరగదీశారు. వెలుతురు ఏటవాలుగా పడితే ఆ గుండ్రటి చుక్కలు బయటపడతాయి. 1816 నమూనాలో రంజకపు పళ్లెం ఇత్తడిది. మార్చేవాళ్లు చాలాసార్లు దాన్ని పూర్తిగా పీకలేదు, పైకి పొడుచుకొచ్చిన భాగం కోసేసి మొదలు అలాగే ఉంచారు. ఇనుప పలక పైఅంచులో పసుపుపచ్చ ముక్క కనిపిస్తే అదే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు ఇది, ఫొటోలోనూ దొరుకుతుంది.

తర్వాత గొట్టం మొదలు. 1850ల్లో ప్రభుత్వ ఆయుధశాలలు ఎక్కువగా పట్టిన దారి, క్యాప్ ముక్కును నేరుగా గొట్టం పైభాగంలోనే బిగించడం. పాత రంజకపు రంధ్రంతో (పళ్లెంలోని నిప్పును గొట్టంలోకి పంపే దారి) పని లేదు కనుక దాన్ని మూసేశారు. ముక్కు గొట్టం పైకి చేరేసరికి, సుత్తి లోపలికి వంగి ఉండాల్సి వచ్చింది. మెడ వంచిన కొంగలా ఉంటే ఈ రకమే.

రెండో దారి చవక. రంజకపు రంధ్రాన్నే పెద్దది చేసి పక్కకు చిన్న స్తూపం బిగించి, దాని మీద ముక్కు నిలిపారు. తొందరలో ఉన్న దక్షిణాది పనివాళ్లు దీన్ని బాగా వాడారు. మరలు సరిగా పట్టకపోతే సుత్తి దెబ్బలకు స్తూపం వదులయ్యేది.

మూడోది గట్టిది: గొట్టం మొదలునే కోసేసి, క్యాప్ ముక్కు నిలిచే దిమ్మతో కూడిన కొత్త మొదలు బిగించడం. అతుకు గీత గొట్టం చుట్టూ సన్నగా తిరిగి ఉంటుంది, వేలిగోటికి తగులుతుంది.

వీటికి పక్కన ఒక వింత. వాషింగ్టన్ దంతవైద్యుడు ఎడ్వర్డ్ మేనార్డ్ కాగితపు పట్టీలో మందు చుక్కలు అంటించి, సుత్తి లేపినప్పుడల్లా ఒక్కో చుక్క ముందుకు జరిగేలా చేశాడు. దీపావళి పిస్తోలులో వేసే రీలు చూశారుగా, అచ్చం అదే. ఈ లాకులను రెమింగ్టన్ తయారుచేస్తే, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధశాల 20,000 మస్కెట్లకు అమర్చింది. లాక్ పలక మీద చిన్న తలుపు ఉంటే ఇదేనని గుర్తు. కాగితం చెమ్మకు ఆగలేదు. 1861 నమూనాలో దీన్ని వదిలేసి మామూలు రాగి క్యాప్‌కే వచ్చారు.

ఒక మెలిక. చెకుముకి తుపాకీకి ధర ఎక్కువ. అందుకని మార్చినదాన్ని వ్యాపారులు మళ్లీ చెకుముకిగా దిద్ది అమ్ముతారు. పళ్లెం, చకమకి పలక కొత్తగా మెరుస్తూ, రంజకపు రంధ్రం చుట్టూ వేరే లోహపు వలయం కనిపిస్తే అనుమానించండి. అసలైన చెకుముకి తుపాకీకి ఆ చోట ఏళ్ల తరబడి కాలిన మందు తిన్న గుంటలు ఉంటాయి. అవి లేకుండా నున్నగా ఉంటే యజమానిని ఇంకో ప్రశ్న అడగాలి.

అభ్యాసం: హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికో, మీకు దగ్గర్లోని మరే మ్యూజియానికో వెళ్లండి. క్యాప్ తుపాకీ ఒకటి ఎంచుకుని, ముందు మోకాళ్ల మీద కూర్చుని కుడిపక్క లాక్ పలకను ఐదు నిమిషాలు చూడండి, చీటీ చదవకుండా. పూడ్చిన రంధ్రాలు ఎన్ని, సుత్తి ఎటు వంగింది, అతుకు ఉందా, ఈ మూడూ రాసుకుని అప్పుడు చీటీ చూడండి. వచ్చే పాఠంలో గొట్టం లోపలి గాడుల సంగతి.