కుండీలో ఈస్టర్ లిల్లీ – 4వ పాఠం: ఆకుల లెక్క

ముందు పోయిన పాఠం బాకీ తీర్చాలి. ఈస్టర్ పండుగ నాటికి పూయాలంటే లిల్లీ దుంపకు ముందుగా చలి తగలాలి. "ఆరు వారాలు, 4.5 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ చలి" అని చెప్పి ఊరుకున్నాను. దుంపను పాతిపెట్టే పీట్ (కుళ్లిన నాచు మట్టి) తడిగా ఉండాలని వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సిందే. చలి పనిచేసేది తడి తగిలిన దుంప మీదే. పొడి పీట్‌లో పడుకున్న దుంపకు క్యాలెండర్‌లో ఆరు వారాలు గడుస్తాయి గానీ, చలి పూర్తిగా అందదు. అందుకే కొన్ని కుండీల్లో మొలక వచ్చి, పక్కవాటిలో ఉలుకూ పలుకూ లేదు. పీట్‌ను పిడికిట్లో పిండితే నీరు కారకూడదు, పిడికిలి విప్పితే ముద్ద విడిపోకూడదు. ఆ తడి చాలు.

రెండో పొరపాటు: దుంపల పెట్టెను చల్లగదిలో పెట్టిన రోజు నుంచే లెక్క మొదలెట్టడం. పెట్టె నడుమనున్న దుంప చల్లబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. థర్మామీటరును గది గోడకు కాదు, పీట్ లోపలికి గుచ్చాలి. మూడోది, ఆపిల్ పళ్లున్న ఫ్రిజ్‌లోనే దుంపలు పెట్టడం. పండే పండ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, అది లిల్లీకి పడదు. ఇది ఎలాగూ తెలిసే ఉంటుందనుకున్నాను.

తగ్గిన చలిని వెలుతురుతో పూడ్చవచ్చు. మొలక మట్టి పైకి తల ఎత్తగానే, రాత్రి 10 నుంచి 2 గంటల దాకా బల్బు వెలిగించండి. ఒక రోజు చలి తగ్గితే ఒక రాత్రి వెలుతురు, అంతే లెక్క. మొక్కల మీద 100 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) పడితే సరిపోతుంది, మామూలు ఫిలమెంటు బల్బు చాలు. పది రోజులు తగ్గిందా, పది రాత్రులు వెలిగించి ఆపేయండి. అలాగని "ఎందుకైనా మంచిది" అంటూ ఎనిమిది వారాల చలి పెట్టకండి. చలి ఎక్కువైతే మొక్క తొందరగానే పూస్తుంది గానీ మొగ్గలు తగ్గుతాయి.

ఇక అసలు పాఠం. మన పూలబజార్లలో లిల్లీ అని కిలోల్లెక్కన అమ్మేది నేలసంపెంగ. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది జపాన్ దక్షిణ దీవుల లిల్లీ. అమెరికాలో దీని దుంపలు కాలిఫోర్నియా, ఒరెగాన్ సరిహద్దు తీరంలోని స్మిత్ రివర్, బ్రూకింగ్స్ వైపు పొలాల నుంచి వస్తాయి. కుండీలకు ఎక్కువగా వాడే రకం నెల్లీ వైట్.

ఈస్టర్ ఏటా మారుతుంది, మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2027లో మార్చి 28, అంటే బాగా ముందు. చర్చిలవాళ్లు మట్టల ఆదివారం (ఈస్టర్ ముందటి ఆదివారం) నాటికే కుండీలు అడుగుతారు. అప్పటికి మొగ్గలు ఉబ్బి తెల్లబడి ఉండాలి. మొదటి పువ్వు మార్చి 24న విచ్చాలనుకుందాం. మొగ్గలు పైనుంచి కంటికి కనబడ్డ రోజు నుంచి పువ్వు విచ్చడానికి సుమారు 35 రోజులు పడుతుంది. కాబట్టి ఫిబ్రవరి 17కు మొగ్గ కనబడాలి. ఆకులన్నీ విచ్చాకే మొగ్గ బయటపడుతుంది. అందుకే మొగ్గ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఆకులు లెక్కపెట్టాలి.

జనవరి మధ్యలో మొక్క నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఉన్నప్పుడు ఒక్కో రకం సైజు దుంపల నుంచి మూడు మొక్కలు బలివ్వండి. ఎనిమిది అంగుళాల చుట్టుకొలత దుంపనూ తొమ్మిది అంగుళాల దుంపనూ కలిపి లెక్కించొద్దు, పెద్ద దుంపకు ఆకులు ఎక్కువ. కింది నుంచి ఒక్కో ఆకూ తుంచుతూ లెక్కపెట్టండి. కొసకు వచ్చేసరికి ఆకులు పొలుసుల్లా మారతాయి. అక్కడ కుట్టుసూది, పది రెట్లు పెంచే భూతద్దం కావాలి. ట్వీజర్లతో రెండేసి ఊడొస్తాయి, నాకు సూదే నమ్మకం. చివర పొలుసులు ఆగి గుండ్రటి బుడిపెలు కనిపిస్తే అవి మొగ్గలు, లెక్క ముగిసింది. బుడిపెలు లేకపోతే మొగ్గ ఇంకా కట్టలేదు. వారం ఆగండి, ఈలోగా గదిని 16 డిగ్రీల నుంచి కదపకండి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ పని వంటగది బల్ల మీద చేయొద్దు. ఆకు ముక్క తిన్నా, ఒంటికంటిన పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడై చనిపోవచ్చు.

మూడు మొక్కల సగటు 88 ఆకులు, జనవరి 15 నాటికి విచ్చినవి 36 అనుకోండి. మిగిలినవి 52. ఫిబ్రవరి 17కు 33 రోజులు. రోజుకు 1.58 ఆకులు విచ్చాలి. పోయిన వారం 15 డిగ్రీల సగటులో విచ్చినవి 9, అంటే రోజుకు 1.29. సగటు ఒక డిగ్రీ పెరిగితే రోజుకు దాదాపు 0.09 ఆకు కలుస్తుంది. తేడా 0.29, కాబట్టి మూడు డిగ్రీలు పెంచి 18కి తేవాలి. మిగిలినవి 40 ఆకులే అయితే రోజుకు 1.21 చాలు, 14 డిగ్రీలకు దించుకోవచ్చు.

సగటు అంటే 24 గంటల సగటు. జనవరిలో అమెరికాలోని న్యూజెర్సీలో పగలు చిన్నది. తొమ్మిది గంటలు 21 డిగ్రీలు, పదిహేను గంటలు 15 అయితే సగటు 17.25. రెండూ కలిపి సగం చేసి 18 అనుకుంటే, నెల తిరిగేసరికి రెండాకులు వెనకబడతారు.

ఈ లెక్కలన్నిటినీ ముంచేది ఒకటుంది, నాకు ఒళ్లు మండేదీ అదే: ఏది విచ్చిన ఆకు? ఆకు కాండం నుంచి విడివడి 45 డిగ్రీల కోణానికి వాలితేనే విచ్చినట్టు. నిటారుగా ఉన్నది విచ్చలేదు. వేలితో వంచితే వంగేది విచ్చలేదు. "రేపటికి వాలుతుందిలే" అనిపించేది కూడా విచ్చలేదు. ఒక వారం 45 డిగ్రీల దగ్గర ఆపి, మరో వారం కంటికి కనిపించినదల్లా లెక్కేస్తే ఆరేడు ఆకులు ఊరికే పెరుగుతాయి. అంటే నాలుగు రోజుల పని చేయకుండానే చేసినట్టు. అది చూసి వేడి తగ్గిస్తారు. పై వారం మళ్లీ సరిగా లెక్కిస్తే ఆకులే విచ్చనట్టు కనిపిస్తుంది, కంగారుపడి వేడి పెంచుతారు. కాండం సాగుతుంది, మొగ్గలు ఆలస్యమవుతాయి, తప్పు దుంప మీదకు నెడతారు. అట్టముక్కను 45 డిగ్రీలకు కత్తిరించి జేబులో పెట్టుకోండి. ఆకు పక్కన ఆనించి చూడండి. లెక్కపెట్టేది ఎప్పుడూ ఒకరే ఉండాలి. మధ్యలో భార్యకో భర్తకో అప్పగించకండి, వాళ్ల 45 వేరు. ఆఖరున లెక్కించిన ఆకు కొసను కత్తెరతో చిన్న గాటు పెట్టండి. వచ్చే వారం ఆ గాటు పైనుంచే లెక్క.

వేడి పెంచడానికి పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ తేకండి. ఆ పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది, మొగ్గలు మాడిపోతాయి.

ఈ లెక్క మా ఊళ్లో పనికొస్తుందా అని విశాఖ నుంచి అడిగినవారికి: మార్చిలో మీ సగటు 25 దాటేస్తుంది, వేడి దించే మీట మీ చేతిలో లేదు. గది చల్లబరిస్తే తప్ప ఈ లెక్క మీకు పనికిరాదు.

అభ్యాసం: మూడు మొక్కలు తుంచాక, మరో ఐదు కుండీలకు అంకెలు రాసి, మూడు వారాలు, ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు గాటు లెక్క తీయండి. పక్కనే రోజుకు నాలుగుసార్లు ఉష్ణోగ్రత రాయండి. థర్మామీటరు మొక్కల ఎత్తులో, ఎండ తగలకుండా వేలాడాలి. ఐదు కుండీల అంకెలు వేర్వేరుగా ఉంచండి, సగటు చేసి పారేయకండి. 5వ పాఠంలో వాటితోనే మొగ్గ పొడవు కొలుస్తాం.