క్రయోజెనిక్ ట్యాంకుకు ప్లాస్టిక్ లైనర్: చలిలో బయటపడే లోపాలు

లోపల రోటోమోల్డింగ్‌తో (ప్లాస్టిక్ పొడి వేసిన అచ్చును ఓవెన్‌లో తిప్పుతూ కరిగించే పద్ధతి) పోసిన ప్లాస్టిక్ లైనర్ (లోపలి పొర), పైన కార్బన్ ఫైబర్ చుట్టు ఉన్న తేలికపాటి క్రయోజెనిక్ (అతి చల్లని ద్రవాలను నిలిపే) ట్యాంకును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో పరీక్షించేటప్పుడు కనబడే లోపాల గురించి ఈ వివరణ.

లైనర్ గోడలో బుడగలు, సూదిబెజ్జాలు

పొడి పూర్తిగా కరగలేదన్నమాట. ఓవెన్ మీటరును నమ్మకుండా అచ్చు లోపలి గాలి వేడిని థర్మోకపుల్‌తో కొలవాలి. పాలిథిలీన్‌కు అది 200 డిగ్రీల దరిదాపులకు చేరాలి. మరీ ఎక్కువసేపు కాల్చినా లోపలి ముఖం పెళుసెక్కుతుంది.

నింపుతుండగా లోపల ‘టప్’మని చప్పుడు, మెడ దగ్గర లీకు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. గది వేడి నుంచి ద్రవ నైట్రోజన్ చలికి దిగేసరికి టెఫ్లాన్ సుమారు 2 శాతం ముడుచుకుంటుంది, పాలిథిలీన్ కూడా తక్కువేమీ కాదు. కార్బన్ చుట్టు మాత్రం దాదాపు కదలదు. అర మీటరు వ్యాసమున్న లైనర్ 10 మిల్లీమీటర్లు తగ్గి, చుట్టూ 5 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతూ లోహపు మెడను పట్టి లాగుతుంది. జిగురు పెంచడం పరిష్కారం కాదు, చిరిగే చోటు మారుతుందంతే. చల్లబరిచే ముందే లోపల కొంత ఒత్తిడి నిలిపి, చల్లని ఆవిరితో నెమ్మదిగా దించి, మెడ దగ్గర గట్టి అతుకు బదులు స్ప్రింగు ఉన్న సీల్ పెట్టాలి. అప్పటికీ చిరిగితే మందపాటి లైనర్ మానేసి పలుచని ఫ్లోరోపాలిమర్ (టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్) పొరకో, అసలు లైనరే లేని నిర్మాణానికో మారడం మేలని నా అభిప్రాయం.

ఖాళీ చేశాక, వేడెక్కేటప్పుడు పొర ఊడిపోవడం

1999 నవంబరులో నాసా మార్షల్ కేంద్రంలో ఎక్స్-33 అనే ప్రయోగాత్మక అంతరిక్ష వాహనపు హైడ్రోజన్ ట్యాంకుకు జరిగింది ఇదే. లోపలి పొరలోని సూక్ష్మ పగుళ్ల గుండా హైడ్రోజన్ గోడ మధ్యనున్న తేనెపట్టు లాంటి అరల్లోకి చేరింది. వేడెక్కేసరికి లోపల చిక్కిన వాయువు ఒత్తిడి పెరిగి, బలహీనంగా అతికిన బయటి పొర ఊడింది. కాబట్టి పలుచని ప్లైలు (ఒకదానిపై ఒకటి పేర్చే ఫైబర్ పొరలు), పగుళ్లను తట్టుకునే రెజిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు) వాడాలి. అరలుంటే వాయువు బయటికి పోయే దారి ఉంచాలి. నాసా-బోయింగ్‌ల 5.5 మీటర్ల వ్యాసమున్న కాంపోజిట్ (ఫైబర్, రెజిన్ కలిపి చేసిన) ట్యాంకులో పలుచని ప్లైలు వాడారు. అది 2014లో ద్రవ హైడ్రోజన్ పరీక్షలకు నిలిచింది.

వెచ్చగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల పరీక్షలో నెగ్గిన ట్యాంకు చలిలో కారవచ్చు కనుక, హీలియం లీకు పరీక్షను చల్లగా ఉండగానే చేయాలి. మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్‌కైతే నైట్రోజన్ పరీక్ష ఒక్కటే చాలదు. ద్రవ ఆక్సిజన్‌కు పాలిథిలీన్ లైనర్‌ను అసలు వాడకూడదు: దెబ్బ తగిలితే అంటుకోగలదు, ఆ ప్రమాదాన్ని ఏ నైట్రోజన్ పరీక్షా చూపదు.